గాలికి తాళమెందుకు?



చాలా దినాలకు మళ్ళీ వ్రాస్తున్నాను. ఛందస్సు మీద మొదలుపెట్టిన వ్యాసాలు సగంలో ఆగిపోయాయి. సీసపద్యాన్ని ఎత్తుగీతి లేకుండా వదిలేసి ఎక్కడికి పోయావని నిలదీసినవారున్నారు. వారికి నా క్షమాపణలు. ఈసారి పద్యాన్ని పక్కన బెట్టి ఒక తగవులో దిగవలసి వచ్చింది. తెలుగు చెప్పుకొని బ్రతికినవాడికి వైఫై గొడవ ఎందుకని మీరు నవ్వవచ్చు. చివరిదాకా చదివి నవ్వండి, అభ్యంతరం లేదు.

తగవు ఎలా మొదలయిందంటే, నా పూర్వవిద్యార్థి ఒకడు హైదరాబాదులో కంప్యూటరు కొలువు చేస్తూ పండుగకు బెల్లంపల్లి వచ్చాడు. మా ఇంటికి వచ్చి, ఫోను తీసి, వైఫై అడిగాడు. కాగితం మీద వ్రాసిపెట్టుకున్న ఇరవయ్యారు అక్షరాల సంకేతపదాన్ని అతని చేతికిచ్చాను. అది చూసి పకపకా నవ్వాడు. "సార్, బడిల ఉన్నప్పుడు చదువు పంచుకుంటే పెరుగుతదని మాకు చెప్పేటోళ్ళు. గిప్పుడు గాలికి గూడ తాళమేస్తిరా?" అన్నాడు.

మాట బాగుంది. బాగున్న మాటలతోనే చిక్కు. వినగానే చెవికింపుగా ఉంటాయి, వాటి వెనుక ఎవరి బ్రతుకు నలుగుతున్నదో కనబడదు. అతనికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తలుపు దాటి వెళ్ళినాక జవాబులు తోచడం మా వృత్తివారికి అలవాటే. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఒక ఒప్పుకోలు. కొన్నేండ్ల క్రితం నేనూ అతని పక్షమే.

మా బస్తీలో నాకు మూడిళ్ళ అవతల ఒక పెద్దమనిషి ఉన్నాడు. ముప్ఫయ్యారేండ్లు బాయిలో పనిచేసి ఓవర్‌మన్‌గా దిగిపోయాడు. (మా వైపు బొగ్గుగనిని బాయి అంటాము, ఉద్యోగ విరమణను దిగిపోవడం అంటాము.) కొడుకు పైదేశంలో స్థిరపడ్డాడు. మనవరాలి ముఖం రోజూ చూసుకోవడానికి ఆయన ఇంట్లో ఇంటర్నెట్టు పెట్టించుకున్నాడు. సంకేతపదం కొట్టడానికి వ్రేళ్ళు తిరగడం లేదని, బిగించడానికి వచ్చిన పిల్లవానితో దాన్ని తీసివేయించాడు. జాలానికి తన పేరే పెట్టుకున్నాడు. సాయంకాలమయ్యేసరికి బస్తీ పిల్లలందరూ ఆయన అరుగు మీద ఫోన్లు పట్టుకొని వ్రాలిపోయేవారు. ఆయన లోపల కుర్చీలో కూర్చుని ఆ సందడి చూసి మురిసిపోయేవాడు. వేసవిలో అరుగు మీద నీళ్ళకుండ పెట్టే ఇల్లు అది. ఇది కూడా ఒక చలివేంద్రమే అనేవాడు. "మీది విద్యాదానంతో సమానమండీ" అని ఆయనను నలుగురి ముందూ మెచ్చుకున్నవాడిని నేనే.

ఒకనాటి ఉదయం ఇద్దరు పోలీసులు ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఎవరో ఒక ఆడపిల్ల పేరున దొంగఖాతా తెరిచి, ఆమె ఫోటోలు పెట్టి, వ్రాయరాని వ్రాతలు వ్రాసి, ఆమె బంధువులందరికీ పంపించారు. ఆ ఖాతా జాడ పట్టుకొని వెళితే అది ఆ పెద్దమనిషి ఇంటికి చేరింది. ఆయన ఫోనూ, ఆయన భార్య ఫోనూ, కొడుకు వదిలివెళ్ళిన పాత ల్యాప్‌టాపూ పట్టుకుపోయారు. నాలుగుసార్లు ఠాణాకు తిరిగాడు. నాలుగోసారి నన్ను తోడు తీసుకువెళ్ళాడు. బల్ల ముందు నిలబడి, "సార్, నేనేం తప్పు జేసిన? అడిగినోళ్ళకు లేదనలే, గంతే గద!" అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. భూమికింద పైకప్పు విరుగుతున్న చప్పుడు విని పదిమందిని బయటికి తోలుకొచ్చిన మనిషి అతను. ఆ గొంతు వణకగా నేను అంతకుముందెన్నడూ వినలేదు.

ఆయన మీద అభియోగమేదీ నిలువలేదు. వస్తువులు తిరిగి ఇచ్చారు. అయినా ఆ పిల్ల తండ్రి, ఒకప్పుడు అదే అరుగు మీద కూర్చుని చాయ తాగినవాడు, ఈనాటికీ ఆయన ముఖం చూడడు. అసలు దోషి ఎవరో తేలనే లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది ఇదే. ఆ అరుగు మీద, ఆ గోడ పక్కన, ఆ వీధి మలుపున ఆ వారంలో ఎందరు కూర్చున్నారో ఎవరు చెప్పగలరు? వారిలో నా దగ్గర అక్షరాలు దిద్దినవారూ ఉండి ఉంటారు. ఆ పిల్లకు న్యాయం జరగకుండా అడ్డుపడింది మా మిత్రుని దయాగుణం. దానికి నీరు పోసింది నా మెప్పుకోలు. ఈ వ్యాసం ఆ పాపానికి నేను చెల్లిస్తున్న పరిహారమని అనుకోండి.

ఇది ఒక బస్తీలో జరిగిన చిన్న సంగతి. దేశమంతటికీ తెలిసిన పెద్ద సంగతి వేరే ఉంది. 2008 జులై 26న అహమ్మదాబాదులో వరుసగా బాంబులు ప్రేలాయి. 56 మంది చనిపోయారు. ప్రేలుళ్ళకు కొద్ది నిముషాల ముందు వార్తాసంస్థలకు ఒక ఈమెయిలు వచ్చింది. దాని జాడ తీస్తే నవీ ముంబయిలోని సాన్‌పాడాలో ఒక అమెరికా దేశీయుని ఇంటికి చేరింది. దర్యాప్తులో బయటపడ్డదేమిటంటే, ఆయన వైఫైకి తాళం లేదు; ఎవరో దానిలోకి దూరి ఆ ఉత్తరం పంపారు. ఆయన కంప్యూటర్లు పరీక్షకు పోయాయి, పేరు పత్రికలకెక్కింది, ప్రపంచమంతా ఆయనను అనుమానంగా చూసింది. ఆగస్టు 23న మరొక ఈమెయిలు వచ్చింది, ఈసారి ముంబయి మాటుంగాలోని ఒక కళాశాల జాలం నుండి. సెప్టెంబరు 13న ఢిల్లీలో ప్రేలుళ్ళు జరిగాయి. ఆనాటి ఈమెయిలు చెంబూరులోని ఒక సంస్థ వైఫై నుండి వెళ్ళింది. మూడు నెలలు తిరగకుండా మూడు చోట్ల ఒకే ఎత్తు. నరహంతకులకు ఒక నగరంలో కావలసినన్ని తెరిచిన తలుపులు దొరికాయి.

ఆ తరువాత 2009 జనవరిలో ముంబయి పోలీసులు తాళం లేని వైఫైల కోసం వీధులు గాలించడం మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ ఇంటర్నెట్టు సంస్థలకు ఆదేశాలిచ్చింది. వైఫై వాడేవారెవరో గుర్తించే ఏర్పాటు ఉండాలన్నది వాటి సారాంశం. బహిరంగ స్థలాలలో తాత్కాలికంగా వాడుకునేవారైతే ఫోటో గుర్తింపు పత్రం నకలైనా తీసుకోవాలి, లేదా వారి మొబైలుకు సందేశం ద్వారా సంకేతపదం పంపి ఆ నంబరునైనా భద్రపరచాలి. ఈనాడు రైల్వేస్టేషన్లలోనూ విమానాశ్రయాలలోనూ వైఫై కావాలంటే మన ఫోను నంబరు అడగడానికి మూలం అక్కడ ఉంది. విసుక్కుంటూ నంబరు కొట్టే ప్రతివారూ ఈ కథ తెలుసుకోవాలి.

ఇక ఈ జాడ తీయడమన్నది ఎలా జరుగుతుందో చూద్దాము. సాంకేతిక విద్య నాకు లేదు. చదివి, అడిగి తెలుసుకున్నది చెబుతున్నాను. మన ఇంటి నుండి బయటికి పోయే ప్రతి ఉత్తరం మీదా ఒక ఐపీ చిరునామా ఉంటుంది. అది ఇంటి కనెక్షనుది. మనిషిది కాదు, ఫోనుదీ కాదు. ఇంట్లో పది ఫోన్లున్నా బయటివారికి ఒక్కటే చిరునామాగా కనబడతాయి. ఏ రోజు, ఏ నిముషంలో ఆ చిరునామా ఎవరి కనెక్షనులో ఉందో కంపెనీవారి లెక్కలలో దొరుకుతుంది. కాబట్టి పోలీసులు వచ్చేది రుసుము కట్టే గృహస్థు ఇంటికి. అక్కడినుండి ముందుకు దారి లేదు. మామూలు ఇంటి రౌటరు ఎవరెవరు వచ్చిపోయారో ఎక్కువ కాలం గుర్తుపెట్టుకోదు. పెట్టుకున్నా ఫలితం తక్కువే. ఆండ్రాయిడ్ 10 వచ్చిన 2019 నుండి, ఐఓఎస్ 14 వచ్చిన 2020 నుండి ఫోన్లు తమ అసలు గుర్తును దాచి ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క మారుపేరు చెబుతున్నాయి. అది మన గోప్యతకు మంచిదే. కాని తలుపు తెరిచిన ఇంట్లో దూరిన దొంగకు కూడా అది ముసుగే.

సూటిగా చెప్పాలంటే, తాళం లేని వైఫై అంటే వీధిలో బల్ల వేసి, దాని మీద మన సంతకం చేసిన ఖాళీ కాగితాలు పేర్చి పెట్టడం. ఎవరైనా ఒకటి తీసుకొని తమకు తోచింది వ్రాసుకోవచ్చు. క్రింద సంతకం మాత్రం మనదే.

బొగ్గుబెల్టులో పుట్టిపెరిగినవారికి ఈ మాట తొందరగా అర్థం కావాలి. బాయిలోకి దిగే ప్రతి మనిషి పేరూ హాజరు పుస్తకంలోకి ఎక్కిన తరువాతే క్రిందికి అడుగు పడుతుంది. ఏ క్షణంలో చూసినా భూమికింద ఉన్నవారెవరో ఆ పుస్తకం చెప్పాలని 1952 నాటి గనుల చట్టం నిర్దేశించింది. కార్మికుల మీద అపనమ్మకం కొద్దీ ఆ నియమం పెట్టలేదు. రేపు కప్పు కూలితే వెతకవలసినవారెవరో తెలియడానికి పెట్టారు. దిగేముందు బీడీలు, అగ్గిపెట్టెల కోసం సోదా చేస్తారు. ఎవరూ దాన్ని అవమానంగా భావించరు. లోపల ఉండే మీథేన్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. హంఫ్రీ డేవీ 1815లో రక్షణదీపం కనిపెట్టేవరకు దాని జాడ క్షేమంగా తెలుసుకోవడం కష్టం, తెలిసేసరికి తరచు ప్రాణాలు పోయేవి. మూతపడిన బాయి నోటికి కంచె కట్టవలసిన బాధ్యత కూడా బాయి యాజమాన్యానిదే. "పడినవాడు చూసుకొని నడవాల్సింది" అంటే చెల్లదు. వైఫై కూడా కంటికి కనబడదు. మన ఇటుకగోడలను అది లెక్కచేయదు. ఇండ్లు గోడకు గోడ ఆనుకొని ఉండే మన బస్తీలలో నా ఇంటి తరంగం పక్కింటి వంటగదిలోనూ, ఎదురింటి డాబా మీదా, వీధిలో ఆగిన ఆటోలోనూ ఉంటుంది. కనబడనిదాని విషయంలో జాగ్రత్త ఎట్లా పడాలో వందేండ్లుగా నేర్చుకున్న నేల మనది. అదే జాగ్రత్త ఇంటికి తెచ్చుకోవడానికి సిగ్గెందుకు?

ఇక ప్రతిపక్షం వాదాలు ఒక్కొక్కటిగా విచారిద్దాము.

మొదటిది దానవాదం. నీళ్ళు పోసినట్లు, అన్నం పెట్టినట్లు ఇంటర్నెట్టు కూడా పంచుకోవాలంటారు. దానం మీద నాకు వారికంటే ఎక్కువ గౌరవమే ఉంది. అయితే భగవద్గీత పదునేడవ అధ్యాయం సాత్త్వికదానాన్ని నిర్వచిస్తూ దేశాన్నీ, కాలాన్నీ, పాత్రనూ చూడమన్నది. ఎవరికి ఇస్తున్నామో ఎరిగి ఇస్తే దానం. ఎరుగకుండా పోగొట్టుకుంటే ఏమరుపాటు. కుండలో నీళ్ళు తాగినవాడు దాహం తీర్చుకొని పోతాడు. అతడు రేపు చేసే పనికి ఆ నీళ్ళు సాక్ష్యం చెప్పవు, మన పేరు పలుకవు. మన వైఫై వాడినవాడు మన పేరు తొడుక్కొని వెళతాడు. కాబట్టి ఆ రెండింటికీ పోలిక కుదరదు. చలివేంద్రమన్న పోలికను ఒకప్పుడు మెచ్చుకున్నవాడిగా దాన్ని ఇప్పుడు నేనే ఉపసంహరించుకుంటున్నాను.

రెండవది పండితవాదం. బ్రూస్ ష్నయర్ అనే అమెరికా భద్రతానిపుణుడు 2008 జనవరిలో వైర్డ్ పత్రికకు వ్రాసిన వ్యాసంలో తన ఇంటి వైఫైని తెరిచే ఉంచుతానని ప్రకటించాడు. ఇంటికి వచ్చినవారికి వేడి టీ ఇవ్వడంలాంటి మర్యాద అది అన్నాడు. మా విద్యార్థి కూడా ఈ వ్యాసాన్నే నాకు చూపించాడు. మహానుభావుడే, కాదనను. తన కంప్యూటరును దుర్గంలా కట్టుకోగలిగినవాడు గుమ్మం తలుపు తీసి పడుకున్నా పడుకోవచ్చు. పోలీసులు వస్తే వకీలును పిలిచి, తన పక్షం నాలుగు పత్రికలలో వ్రాసుకోగలడు. మా బస్తీ ఓవర్‌మన్ గారికి ఏ దుర్గముంది, ఏ వకీలున్నాడు? ఆ వ్యాసం వచ్చిన ఏడు నెలలలోపే సాన్‌పాడా సంగతి జరిగింది. గజ ఈతగాడు గోదావరి వరదలో దూకాడని బడిపిల్లలను దూకమనగలమా?

మూడవది అమాయకవాదం. "నా ఇంట్లో దాచుకోవలసినదేముంది?" అంటారు. ఒక ఉదాహరణ చెబుతాను. గూగుల్ సంస్థ వీధుల ఫోటోల కోసం తిప్పిన కార్లు, తాళం లేని వైఫైల మీదుగా పోతున్న జనుల సమాచారాన్ని కూడా పోగుచేశాయని 2010లో ఆ సంస్థే ఒప్పుకున్నది. వీధిలో పోయే బండికి మన ఇంటి మాటలు వినబడ్డాయన్నమాట. ఈనాడు చాలా వెబ్‌సైట్లు రాకపోకలను గూఢలిపిలోకి మార్చి పంపుతున్నాయి కనుక ఆ ప్రమాదం బాగా తగ్గింది. న్యాయంగా అది ఒప్పుకోవాలి. కాని ఇప్పుడు ఇంటిలోపల వస్తువులు పెరిగాయి. గుమ్మం మీద కెమెరా, గోడకు టీవీ, బల్ల మీద ప్రింటరు అన్నీ వైఫై మీదనే ఉన్నాయి. లోపలికి వచ్చినవాడు ఆ కెమెరా తలుపు తట్టవచ్చు. రౌటరు అధికారపుటలోకి పోయి, మీరు బ్యాంకు పేరు కొడితే మరొక చోటికి మళ్ళించేలా దారి మార్చవచ్చు. దాచుకోవలసినదేమీ లేదనేవారికి కూతురు ఉంది, కోడలు ఉంది, పింఛను ఖాతా ఉంది.

నాలుగవది లెక్కల వాదం. "నాది నెలసరి పథకం, ఎంత వాడినా ఒకటే రుసుము, ఎవరైనా వాడుకుంటే నాకేమి నష్టం?" అంటారు. ఈ వాదానికి నేను ఎదురులెక్క చెబుతాను. పదిహేనేండ్ల క్రితం పొరుగువాని వైఫై వాడుకున్నవాడు డబ్బు మిగుల్చుకోవడానికి వాడుకున్నాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత మొబైలు డేటా ధర నేలకు దిగింది. ఈనాడు కూలికి పోయేవాడి ఫోనులోనూ రోజుకింత డేటా ఉంది. మరి ఇప్పుడు కూడా పనిగట్టుకొని పరాయి ఇంటి వైఫై వెతికేవాడు దేనికోసం వెతుకుతున్నాడు? వారిలో కొందరు పేదపిల్లలే కావచ్చు. కాని డేటా చవకైనకొద్దీ, డబ్బు మిగుల్చుకొనేవారు తగ్గి, పేరు దాచుకొనేవారి పాలు పెరుగుతుంది. తన సిమ్ము మీద చేయడానికి జంకే పనిని మీ పేరు మీద చేయడానికి వస్తాడు వాడు.

చట్టం ఏమంటుంది? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో, యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులోకిగాని జాలంలోకిగాని చొరబడడం 43వ సెక్షను క్రింద తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను క్రింద మూడేండ్లదాకా జైలు, అయిదు లక్షలదాకా జరిమానా. శిక్ష చొరబడినవానికే. కాని వాడు దొరకాలి కదా! దొరికేదాకా నాలుగుసార్లు ఠాణాకు తిరిగేది తలుపు తెరిచినవాడు.

తాళం వేశాము కదా, ఇక మాకేమి భయమని కొందరు ఇక్కడ లేచిపోబోతున్నారు. కూర్చోండి. మనలో ఎక్కువమందిది తాళం వేసి గొళ్ళెం మరచిన వ్యవహారం.

కనెక్షను బిగించడానికి వచ్చే పిల్లవాడు పది నిముషాలలో పని ముగించాలి. సంకేతపదంగా మన ఫోను నంబరో, ఒకటి నుండి ఎనిమిది వరకు అంకెలో కొట్టి వెళ్ళిపోతాడు. వీధి మొత్తానికి అదే మంత్రం. మన ఫోను నంబరు పాలవానికి తెలుసు, గ్యాసు వానికి తెలుసు, పెండ్లిపత్రిక మీద అచ్చయి ఊరంతటికీ తెలుసు. రౌటరు అధికారపుటకు కర్మాగారంలో పెట్టిన పేరూ సంకేతపదమూ అలాగే ఉంటాయి. వాటిని మార్చాలని ఎవరూ చెప్పరు. 2016లో మిరాయ్ అనే దుష్టక్రమణిక ప్రపంచమంతటా కెమెరాలనూ రౌటర్లనూ లక్షలకొద్దీ వశం చేసుకొని పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కూలదోసింది. దాని దగ్గర మహావిద్య ఏదీ లేదు. కర్మాగారపు సంకేతపదాల చిట్టా ఒకటి ఉంది, అంతే.

తాళాలలోనూ తరాలున్నాయి. వైఫై ప్రమాణం 1997లో వచ్చినప్పుడు దానితో వచ్చిన తాళం పేరు వెప్. 2001 నాటికే నిపుణులు దాని లోపాన్ని బయటపెట్టారు. అయినా దుకాణాలు దాన్నే నమ్ముకొని ఉన్నాయి. అమెరికాలో ఒక పెద్ద వస్త్రవ్యాపార సంస్థ దుకాణపు వైఫైలోకి ఈ బలహీనమైన తాళం గుండానే దొంగలు చొరబడి 4.5 కోట్లకు పైగా బ్యాంకు కార్డుల వివరాలు దోచారని 2007లో లోకానికి తెలిసింది. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. రెండవదానిలోనూ 2017లో ఒక బీట కనబడితే సంస్థలు సాఫ్ట్‌వేరు సవరణలతో పూడ్చాయి. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. తాళం ఒకసారి వేసి మరచిపోయేది కాదని ఈ వంశవృక్షమే చెబుతున్నది.

కాబట్టి చేయవలసిన పనులు ఇవి. గంట పని, పైసా ఖర్చు లేదు.

రౌటరు అధికారపుటలోకి వెళ్ళి కర్మాగారపు సంకేతపదం మొదట మార్చండి. తాళం డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకుంటే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. వెప్ కనబడితే ఆ రౌటరును సాగనంపండి. మీట నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్ సౌకర్యాన్ని ఆపివేయండి. దాని ఎనిమిదంకెల సంఖ్యను కొద్ది గంటలలోనే ఊహించవచ్చునని 2011లోనే తేలింది. రౌటరు సాఫ్ట్‌వేరును అప్పుడప్పుడు నవీకరించండి. జాలానికి మీ పేరు, ఇంటి నంబరు పెట్టకండి. దొంగకు చిరునామా మనమే చెప్పినట్లవుతుంది. జాలం పేరు కనబడకుండా దాచడం, అనుమతించిన ఫోన్ల చిట్టా పెట్టడం అనే చిట్కాలను కొందరు బోధిస్తారు. ఆ పేరూ, ఆ గుర్తులూ గాలిలో తెలిసినవారికి కనబడుతూనే ఉంటాయి. అవి తాళాలు కావు, గుమ్మానికి కట్టిన నిమ్మకాయలు.

సంకేతపదం ఎనిమిది నుండి అరవైమూడు అక్షరాలదాకా ఉండవచ్చు. ఇక్కడ మన తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. వెనుకటి రోజులలో ఆర్టీయస్ పద్ధతిలో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి కొట్టి వ్రేళ్ళు అరిగినవాళ్ళం కదా! ఒకదానితో ఒకటి పొసగని నాలుగైదు తెలుగు మాటలు అలా కలిపి వ్రాసుకోండి. "చింతచెట్టు గొడుగు పిల్లి పంచాంగం" వంటిది. (దీన్ని అచ్చువేశాను కనుక ఇక పనికిరాదు.) ప్రసిద్ధమైన పద్యపాదాలు మాత్రం వద్దు, పద్యాలు దొంగలకూ వచ్చు.

ఇక పంచుకోవాలన్న కోరిక నిజంగా ఉన్నవారికి దారులు ఉన్నాయి. చాలా రౌటర్లలో అతిథులకని వేరే జాలం పెట్టుకోవచ్చు. దానికి వేరే సంకేతపదం పెట్టి, వచ్చినవారికి నోటితో చెప్పి, వెళ్ళాక మార్చవచ్చు. ఇంటి కెమెరాలకూ దానికీ సంబంధం ఉండదు. ఊరందరికీ ఇవ్వాలంటే, 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం వాణి పథకం ఉంది. కిరాణాకొట్టువాడు కూడా లైసెన్సు రుసుము లేకుండా పబ్లిక్ డేటా ఆఫీసు పెట్టి వైఫై అందించవచ్చు. వాడుకునేవారు తమ గుర్తింపుతోనే లోపలికి వస్తారు. పాత్ర ఎరిగిన దానమంటే ఇదీ.

కనెక్షన్లు ఇచ్చే కేబుల్ ఆపరేటర్లకు ఒక విన్నపం. బల్బు పెట్టి వెళ్ళినట్లు రౌటరు పెట్టి వెళ్ళకండి. ఆ ఇంట్లో ఉన్న ముసలాయన చేత ఆయనకు నచ్చిన మాటలతో సంకేతపదం పెట్టించి, పెద్ద అక్షరాలతో కాగితం మీద వ్రాసిచ్చి లేవండి. ఒక్క పావుగంట ఎక్కువ పడుతుంది. ఆ పావుగంట ఒక పెద్దమనిషి పరువు.

మా ఓవర్‌మన్ గారి రౌటరుకు ఇప్పుడు తాళం ఉంది. నేనే దగ్గర కూర్చుని పెట్టించాను. మాటలు ఆయనే ఎంచుకున్నాడు. అవేమిటో నాకు కూడా చెప్పలేదు, నాకు ఆనందమయింది. సాయంకాలం ఆయన అరుగు మీద పిల్లల సందడి లేదు. దానికి ఆయనకు కొంత దిగులుగానే ఉంది, నాకూ ఉంది. వేసవి రాగానే నీళ్ళకుండ మాత్రం ఎప్పటిలాగే పెట్టాడు, మూతమీద గ్లాసు బోర్లించి. దానికి తాళం వేయమని నేను ఏనాడూ చెప్పను.

నాయనా, ఇది చదువుతున్నావనుకుంటాను. గాలికి నేను తాళం వేయలేదు. గాలిలో తిరుగుతున్న నా పేరుకు వేసుకున్నాను. చదువు పంచుకుంటే పెరుగుతుందని అన్నమాట నిజమే. సంతకం పంచుకుంటే ఏమవుతుందో ఆ ఆడపిల్ల తండ్రిని అడుగు.

విజ్ఞులు నా సాంకేతిక పరిజ్ఞానంలో దోషాలుంటే సవరించగలరు. నా వాదంలో దోషముంటే ఎదిరించగలరు; సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. సీసపద్యపు ఎత్తుగీతి వచ్చే వారం.

స్వస్తి.